ఇంట కట్టుకొను ధ్వనివర్ధకము

మా యింట 1962లో కొన్న వాల్వు రేడియో యొకటి ఉండెడిది. టేకుచెక్క పెట్టె, ముందువైపు గోధుమవన్నె జాలిగుడ్డ, లోపల 8 అంగుళముల స్పీకరు. ఇరువదియైదేండ్లకు పైగా మా తండ్రిగారు దానిముందు కూర్చుండి భక్తిరంజని వినిరి, వార్తలు వినిరి, కచేరీలు వినిరి. ఒకనాడు దాని ఔట్‌పుట్ ట్రాన్సుఫార్మరు కాలిపోయినది. వాల్వులు అంతకుముందే బలహీనపడియుండెను. మరమ్మతు చేయుటకు సామానులు మా ఊర దొరకలేదు. ఒక చిన్న ట్రాన్సిస్టరు సెట్టును కొని తెచ్చి ఆయనకిచ్చితిమి. అందులో మాట స్పష్టముగనే వినబడుచుండెను. ఐనను ఆయన, "ఇది పలకడం లేదురా, గీపెడుతోంది" అనెడివారు.

ఆ మాటలో ఆలోచింపదగినది ఉన్నది. అరచేతిలో ఇముడు స్పీకరు ఎంత ప్రయాసపడినను ఎక్కువ గాలిని కదలింపలేదు. మృదంగమున తొప్పివైపు నాదము, పురుషకంఠములోని మంద్రస్వరములు పలుకవలెనన్నచో వెడల్పైన కాగితపు కోను కావలెను. దాని ముందుగాలి వెనుకగాలితో కలిసి చల్లారిపోకుండ చుట్టును పెట్టె కావలెను. ఈ రెండును మా పాత రేడియోలో చెక్కుచెదరక ఉన్నవి. లేనిదల్లా నడిమి బలము. చిన్న సెట్టునుండి వచ్చు సన్నని సంకేతమును పెద్ద స్పీకరును ఊపగల శక్తిగ మార్చు ధ్వనివర్ధకము, అనగా ఆంప్లిఫయరు కావలెను. దానిని ఇంటిలో మేమే కట్టుదమని 1991 వేసవిలో పూనుకొంటిమి. అప్పుడు నేర్చినదియు, పోగొట్టుకొన్నదియు ఈనాటి మా ప్రసంగమునకు విషయము.

ఒకప్పుడు ఆంప్లిఫయరు కట్టుట ఇంటిపని కాదు. వాల్వులకు 250 వోల్టుల ప్రాంతమున హెచ్చు వోల్టేజి కావలెను. అది ప్రాణములు తీయగలది. స్పీకరుకును వాల్వుకును నడుమ, వేలకొలది చుట్లు చుట్టిన ట్రాన్సుఫార్మరు కావలెను. ట్రాన్సిస్టరులు వచ్చిన పిమ్మట వోల్టేజి తగ్గినది గాని చిక్కు తగ్గలేదు. ఒకదానికొకటి సరిపోలు ట్రాన్సిస్టరుల జతలను ఏరవలెను. ఒకటి వేడెక్కి రెండవది చల్లగానున్నచో వాని పొందిక చెడును. చెడినకొలది మరింత కరెంటు లాగి మరింత వేడెక్కును. ఈ పెనుగులాటలో మంచి మంచి ట్రాన్సిస్టరులు ఎన్నియో ఆహుతియైనవి.

ఈ చిక్కును విడదీసినది సమగ్ర వలయము. మనము వాడుకలో ఐ.సి. అనియు, చిప్పు అనియు పిలుచుచున్నాము. 1958 వేసవిలో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జాక్ కిల్బీ యను ఇంజనీరు కొత్తగ చేరెను. తోటివారందరును సెలవులపై పోయిరి. కొత్తవాడగుటచే ఆయనకు సెలవు లేదు. జనము లేని ప్రయోగశాలలో కూర్చుండి, విడివిడి భాగములను తీగలతో కలుపుటకు మారుగ అన్నిటిని ఒకే ముక్కలో పుట్టింపరాదా అని ఆలోచించెను. సెప్టెంబరు 12వ తేదీన జెర్మేనియం ముక్కపై అట్టి వలయమును చేసి చూపెను. మరుసటి యేట ఫెయిర్‌చైల్డ్ సంస్థలో రాబర్ట్ నాయిస్ సిలికానుపై, భాగములను కలుపు తీగలను కూడ లోహపు పూతగ చిప్పుమీదనే వేయు ఉపాయమును కనిపెట్టెను. కిల్బీకి 2000లో నోబెల్ బహుమానము లభించినది. నాయిస్ 1990లోనే మరణించియుండెను.

ఆంప్లిఫయరు కట్టువానికి దీనివలన కలిగిన మేలు చిన్నతనమొకటే కాదు. ఒకే ముక్కపై, ఒకే కొలిమిలో, ఒకే గడియలో పుట్టిన ట్రాన్సిస్టరులు కవలపిల్లలవలె ఒకదానినొకటి పోలియుండును. వేడెక్కినను అన్నియు కలిసి వేడెక్కును. ఏరుట, జతపరచుట అను పని మనకు తప్పినది.

చిప్పులోపలి వర్ధనశక్తి మితిమీరినది. మేము వాడిన టి.డి.ఎ. 2030 అను చిప్పును ఏ అదుపును లేక విడిచినచో వచ్చిన సంకేతమును దాదాపు 30,000 రెట్లు పెంచును. అంత పెంపు మనకు అక్కరలేదు. 30 రెట్లు చాలును. మిగిలిన బలమును ఏమి చేయవలెను? తప్పులు దిద్దుకొనుటకు వాడవలెను. ఈ ఆలోచన చిప్పులకంటె పాతది. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నదిని పడవపై దాటి పనికి పోవుచుండగా ఇది ఆయనకు తోచినది. చేతిలోని వార్తాపత్రికపైననే ఆ సూత్రమును వ్రాసికొనెను. దూరపు టెలిఫోను తీగలపై ఒకదాని తరువాత ఒకటిగ వచ్చు ఆంప్లిఫయరులు స్వరమును పాడుచేయుచుండగా, దానికి మందు వెదకుచు ఆయన చాలకాలమునుండి తపించుచుండెను. దానికి పేటెంటు 1937లో వచ్చినది.

ఆ సూత్రము మన గాయకులకు తెలియనిది కాదు. తంబురా శ్రుతిని వినుచు, తన గొంతును కూడ తానే వినుచు, తేడా తోచినంతనే దిద్దుకొనువాడు శ్రుతి తప్పడు. అట్లే ఆంప్లిఫయరు తాను పలికినదానిలో ముప్పదవ వంతును వెనుకకు తెచ్చి, వచ్చిన సంకేతముతో పోల్చుకొనును. తేడా ఉన్నచో ఆ తేడానే 30,000 రెట్లు పెంచి సరిచేసికొనును. ఎన్నవ వంతు వెనుకకు రావలెనన్నది రెండు రెసిస్టెన్సులు నిర్ణయించును. 22,000 ఓములది ఒకటి, 680 ఓములది ఒకటి పెట్టినచో పెంపు 33 రెట్లు. లోపలి ట్రాన్సిస్టరులు ఎట్లున్నను, ఆ రెంటి నిష్పత్తి మారనంతవరకు ఆంప్లిఫయరు మారదు. కొన్ని రూపాయల వెల చేయు ఆ రెంటిచేతనే చిప్పు క్రమశిక్షణలో నడచుచున్నది. అందుచే వానిని చిప్పు కాళ్లకు ఆనించి సోల్డరు చేయవలెను. జానెడు తీగతో దూరముగ పెట్టినచో వినికిడి చెడిన గాయకుని స్థితి కలుగును.

మొదటిసారి కట్టువారు కరెంటు జోలికి పోక బ్యాటరీతో మొదలిడుట మేలు. దానికి తగినది ఎల్.ఎం. 386. ఎనిమిది కాళ్ల చిప్పు. 9 వోల్టుల బ్యాటరీపై పనిచేసి 8 ఓముల స్పీకరుకు అరవాటు ప్రాంతము ఇయ్యగలదు. పలుకనప్పుడు 4 మిల్లీ ఆంపియరుల కరెంటు మాత్రమే తీసికొనును. పెంపును నిర్ణయించు రెసిస్టెన్సులు కూడ లోపలనే ఉన్నవి. ఊరక విడిచినచో 20 రెట్లు, ఒకటవ కాలికిని ఎనిమిదవ కాలికిని నడుమ 10 మైక్రోఫారడుల కండెన్సరును కలిపినచో 200 రెట్లు పెంచును. దీనిని మొదట నేషనల్ సెమికండక్టర్ సంస్థ చేసినది. 2011లో ఆ సంస్థను టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనినది. కిల్బీ పనిచేసిన సంస్థ పేరిటనే ఇప్పుడా చిప్పు వచ్చుచున్నది. తొమ్మిది, పదేండ్ల పిల్లలు కూడ పెద్దల యెదుట దీనిని ఒక పూటలో కట్టగలరు. మా అన్నగారి కుమార్తె కట్టినది. స్పీకరునుండి మొదటి మాట వినబడినప్పుడు ఆ పిల్ల ముఖము చూడదగినది.

ఇక మా పెద్ద ప్రయత్నమునకు వత్తుము. హైదరాబాదులో కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి టి.డి.ఎ. 2030 చిప్పును, కండెన్సరులను, 12-0-12 వోల్టుల ట్రాన్సుఫార్మరును కొంటిమి. ఆ చిప్పుకు ఐదే కాళ్లు. వెనుక ఒక లోహపు రేకు ఉండును. 4 ఓముల స్పీకరుకు 14 వాట్లు ఇయ్యగలదని తయారీదారుల పత్రమున ఉన్నది. మా స్పీకరును మీటరుతో కొలువగా మూడున్నర ఓములు చూపినది. మీటరు చూపునది తీగ నిరోధమే గనుక అసలు విలువ దానికి కొంచెము పైన ఉండును. అనగా 4 ఓములనుకొనవచ్చును. సరిపోయినది.

మేము ఎన్నుకొన్న పద్ధతి రెండు సరఫరాల పద్ధతి. భూమికి పైన ఒక ధనవోల్టేజి, క్రింద ఒక ఋణవోల్టేజి. ఇందులో చిప్పునుండి స్పీకరుకు నేరుగ తీగ పోవును, నడుమ కండెన్సరు ఉండదు. అడ్డము లేని దారి గనుక స్వచ్ఛమైనదని పుస్తకములు చదివినవారు మెచ్చుకొను పద్ధతి. మేమును మెచ్చుకొంటిమి.

మొదటి ప్లగ్గు పెట్టినంతనే ఫ్యూజు పోయినది. కారణము తరువాత తెలిసినది. చిప్పు వెనుక రేకు ఊరక చల్లదనమునకు పెట్టినది కాదు. అది లోపల మూడవ కాలికి, అనగా ఋణవోల్టేజికి కలిసియున్నది. మేము దానిని అల్యూమినియము పలకకు నేరుగ మరతో బిగించితిమి. ఆ పలక పెట్టెకు, పెట్టె భూమికి తగిలియున్నది. నడుమ మైకా ముక్కయు, మరకు ప్లాస్టికు తొడుగును వేసినచో ఈ ప్రమాదము లేదు. ఫ్యూజు ఉన్నది గనుక ఫ్యూజుతో పోయినది.

రెండవమారు పలికినది. కాని పాటవెనుక ఎడతెగని 'ఝుం' అను మ్రోత. కండెన్సరులను పెద్దవి చేసితిమి, తగ్గలేదు. షీల్డు వైరును మార్చితిమి, తగ్గలేదు. చివరకు మా వీధి చివర పాత సెట్లు బాగుచేయు వృద్ధుడొకాయనకు చూపితిమి. ఆయన చిప్పు వంక చూడనేలేదు. బోర్డును తిప్పి, "ఎర్తు ఎన్ని చోట్ల కలిపావు, బాబూ?" అని అడిగెను. లెక్కించితిమి. ఎక్కడ వీలైన అక్కడ కలిపితిమి. "తాగే నీళ్లూ తూము నీళ్లూ ఒక్క కాలవలో పంపితే ఎట్లాగయ్యా!" అని నవ్వెను.

అంతకంటె చక్కగ ఈ విషయమును మరెవ్వరును మాకు చెప్పలేదు. తీగకు నిరోధము లేదని మనము అనుకొందుము. ఉన్నది. జానెడు సన్నని తీగలో నూరవ వంతు ఓము ఉన్నదనుకొందము. స్పీకరునుండి తిరిగివచ్చు కరెంటు, కండెన్సరులు నిండునప్పుడు సెకనుకు 100 మార్లు కొట్టు కరెంటు దెబ్బలు ఆ తీగలో ప్రవహించును. ఒక్క ఆంపియరు చాలును, ఆ తీగ రెండు కొనల నడుమ 10 మిల్లీవోల్టులు పుట్టును. సంకేతపు ఎర్తును కూడ అదే తీగకు కలిపినచో ఆ 10 మిల్లీవోల్టులు పాటతోపాటు లోపలికి పోయి 33 రెట్లు పెరిగి వోల్టులో మూడవవంతై స్పీకరులో మ్రోగును. మేము కండెన్సరులను పెంచినకొలది కరెంటు దెబ్బలు మరింత బలపడినవేగాని మ్రోత తగ్గకుండుటకు ఇదియే కారణము. వృద్ధుడు చేసినది చిన్నపని. సరఫరా కండెన్సరుల నడిమి కలయికను ఒక బిందువుగ ఏర్పరచి, స్పీకరు ఎర్తును ఒక తీగతో, సంకేతపు ఎర్తును వేరొక తీగతో అక్కడికే తెచ్చెను. మ్రోత ఆగినది. చెవిని గుడ్డకు ఆనించినగాని వినబడలేదు.

ఆయనయే మరియొక పని నేర్పెను. కొత్తగ కట్టినదానిని నేరుగ కరెంటుకు తగిలింపరాదు. 60 వాట్ల పాత తరహా తీగబల్బును వరుసలో పెట్టి తగిలింపవలెను. లోపల ఎచ్చటనైన షార్టు ఉన్నచో బల్బు నిండుగ వెలుగును, చిప్పు బ్రతుకును. అంతయు సవ్యమైనచో బల్బు ఒకమారు మెరసి మసకబారును. రేడియో మరమ్మతు దుకాణములలో సిరీస్ బోర్డు అను పేర దీనిని మీరు చూచియే ఉందురు. ఈనాడు తీగబల్బులు అరుదగుచున్నవి గనుక రెండు మూడు కొని దాచియుంచుకొనుట మంచిది.

మరియొక గుర్తు. పాట లేకున్నను చిప్పు చేయి పెట్టలేనంత కాలుచున్నచో, అది మన చెవికి అందని వేగముతో తనలో తాను ఊగుచున్నదని తెలిసికొనవలెను. సరఫరా కాళ్ల ప్రక్కనే, తాకునంత దగ్గర, ఒక్కొక్క 0.1 మైక్రోఫారడు చిన్న కండెన్సరును సోల్డరు చేయవలెను. ఔట్‌పుట్టునుండి ఎర్తుకు 1 ఓము రెసిస్టెన్సును, 0.22 మైక్రోఫారడు కండెన్సరును వరుసగ కలుపవలెను. వీనిని అలంకారములని వదలివేయువారు కలరు. మేమును మొదట వదలివేసితిమి.

పాత పెట్టె మరల పలికినది. మా తండ్రిగారు కుర్చీని మునుపటి చోటికి జరుపుకొనిరి. పది పండ్రెండు దినములు గడచినవి.

ఒక శనివారము రాత్రి జాతీయ సంగీత కార్యక్రమము వచ్చుచుండెను. పొద్దుపోయినకొలది ఊరిలో దీపములు ఆరును, వాడకము తగ్గును, తీగలలో వోల్టేజి పెరుగును. మా ఊర అది రాత్రివేళ 250 దాటుచుండెడిది. పెట్టెలోనుండి ఒక గట్టి దెబ్బ వినబడినది. తరువాత పాట లేదు, సన్నని పొగ, కాలిన వాసన. చిప్పు చచ్చినది. చచ్చుచు తనలో షార్టయి సరఫరా వోల్టేజిని మొత్తముగ స్పీకరు మీదికి పంపినది. నడుమ అడ్డము లేదు కదా! ఇరువదితొమ్మిదేండ్లుగ పలికిన స్పీకరు చుట్ట రెండుమూడు క్షణములలో నల్లబడినది. ఫ్యూజు కూడ పోయినది, కాని ఆలస్యముగ.

తప్పు లెక్కలో ఉన్నది. 12 వోల్టులని వ్రాసిన ట్రాన్సుఫార్మరు, డయోడులు దాటి కండెన్సరులు నిండిన పిమ్మట 12 ఇయ్యదు. ఆ తరంగపు శిఖరమైన 17 వోల్టుల ప్రాంతము ఇచ్చును. భారము లేనప్పుడు, చిన్న ట్రాన్సుఫార్మరు మరింత ఎక్కువ ఇచ్చును. ఊరి వోల్టేజి పెరిగినచో ఇంకను ఎక్కువ. మరునాటి రాత్రి కొలువగా ఒక్కొక్క ప్రక్క 19 దాటినది. ఆ చిప్పు హద్దు ఒక్కొక్క ప్రక్క 18. వేడి మించినచో, షార్టయినచో తనను తాను కాపాడుకొను ఏర్పాటు ఆ చిప్పులోపలనే కలదు. మించిన వోల్టేజికి మాత్రము కాపుదల లేదు. 9-0-9 ట్రాన్సుఫార్మరు తెచ్చియున్నచో ఏమియు జరుగకపోవును. దుకాణమున 12-0-12 సులభముగ దొరికినది, రెండు వాట్లు ఎక్కువ వచ్చునని ఆశపడితిమి.

స్పీకరును బాగుచేయు దుకాణమున కొత్త చుట్ట, కొత్త కోను వేయించితిమి. పలికినది, బాగుగనే పలికినది. మా తండ్రిగారు కొంతసేపు విని, "మునుపటి గొంతు కాదు. పరవాలేదు లే" అనిరి. ఆయన మమ్ము ఒక్కమాటయు అనలేదు. ఆ మాట అనకపోవుట మాకు ఈనాటికిని బాధగనే ఉన్నది.

రెండవ ఆంప్లిఫయరును మరియొక పద్ధతిలో కట్టితిమి. ఒకే సరఫరా, చిప్పుకును స్పీకరుకును నడుమ 2,200 మైక్రోఫారడుల కండెన్సరు. చిప్పు ఔట్‌పుట్టు సరఫరాలో సగము వోల్టేజి వద్ద నిలిచియుండును. కండెన్సరు ఆ నిలుకడ వోల్టేజిని ఆపి, ఊగు సంగీతమును మాత్రము పోనిచ్చును. చిప్పు ఎట్లు చచ్చినను స్పీకరుకు ఆపద లేదు. ఈ కండెన్సరు మంద్రస్వరములను తినివేయునని దానిపై నింద కలదు. ఎంత తినును? 4 ఓముల స్పీకరుతో సెకనుకు 18 స్పందనలకు దిగువనున్నవానిని. వెనుక తెరచియున్న రేడియోపెట్టెలో 8 అంగుళముల స్పీకరు 60, 70 స్పందనలకు దిగువన తానై పలుకదు. లేనిదానిని తిన్నచో నష్టమేమి? 220 మైక్రోఫారడుల చిన్నది పెట్టినవారు మాత్రము నిజముగనే నష్టపోవుదురు.

ట్రాన్సుఫార్మరు 12 వోల్టులదే, ఒక చుట్ట మాత్రమే వాడితిమి. వోల్టేజి ఎంత పెరిగినను మొత్తము 20 దాటదు. చిప్పు హద్దు 36. వచ్చు శక్తి నాలుగైదు వాట్లు. పాత వాల్వు సెట్టు ఇచ్చినదియు ఇంచుమించుగ అంతియే. పైగా ఒకే సరఫరాలో మూడవ కాలు ఎర్తు గనుక రేకును పలకకు నేరుగ బిగింపవచ్చును, మైకాతో పనిలేదు. చిప్పులో పుట్టు వేడి మొదటిదానిలో మిక్కుటమైనప్పుడు 18 వాట్లు. దీనిలో 4 వాట్లు. అరచేయంత అల్యూమినియము పలక చాలినది. స్విచ్చి వేసినప్పుడు ఆ కండెన్సరు నిండుచు 'ఠప్' మని ఒక చప్పుడు చేయును. దీనిని దోషమనువారు కలరు. మా యింట అది రేడియో లేచినదను గుర్తు.

ఇంట చేయు చిప్పు ఆంప్లిఫయరులకు ప్రపంచమున పెద్ద గౌరవము తెచ్చినది 1999లో జపానులో జరిగిన ఒక సంగతి. 47 లేబొరేటరీ యను చిన్న సంస్థలో జుంజి కిమురా యను ఇంజనీరు గెయిన్‌కార్డ్ అను ఆంప్లిఫయరును చేసెను. ఒక్కొక్క వైపు తొమ్మిదే భాగములు. సంకేతము నడచు దారి 32 మిల్లీమీటరులు మాత్రమే. దాని వెల వేల డాలర్లలో ఉండెను. సంగీతప్రియులు కొందరు దాని పలుకును ఆకాశమునకెత్తిరి. మూత తీసి చూచినవారికి లోపల ఎల్.ఎం. 3875 అను, బజారులో ఎవరైనను కొనగల చిప్పు కనబడినది! కొందరికి కోపము వచ్చినది. మరికొందరు నవ్వుకొని, అదే చిప్పును కొనితెచ్చి ఇండ్లలో కట్టుట మొదలిడిరి. దేశదేశములలో అట్టి అనుకరణములు లెక్కలేనన్ని పుట్టినవి. దాని తోబుట్టువైన ఎల్.ఎం. 3886 చిప్పు 4 ఓములకు 68 వాట్లు ఇచ్చును. ఇంటి హాలుకు అది ఎక్కువయే.

కిమురా మోసగించెనని మేము అనుకొనము. ఆ చిప్పు అందరికిని తెలిసినదే. భాగములు తగ్గించుటకంటె వానిని దగ్గరకు చేర్చుటయందు ఆయన పనితనము ఉన్నది. వెనుకకు వచ్చు దారి వ్రేలెడు లేనప్పుడు చిప్పు తన తప్పును తాను వెంటనే వినగలదు. వీధి చివరి వృద్ధుడు బోర్డు తిప్పి చూచినదియు, కిమురా కొలిచి కుదించినదియు ఒకటే వస్తువు: తీగ. ఐతే ఆయన సరఫరా కండెన్సరులను కూడ చాల చిన్నవి పెట్టెను. దానిని మేము అనుసరింపము. ఆ ఆంప్లిఫయరు మంద్రస్వరములపై వాదము అందుచేతనే లేచినది.

ఈనాడు ఇంకొక జాతి చిప్పులు వచ్చినవి. ఇవి సంకేతమును సెకనుకు లక్షలమార్లు తెరచి మూసి నడపును గనుక దాదాపు వేడెక్కవు. బొటనవ్రేలంత పలకపై అన్ని భాగములను బిగించి కొద్ది రూపాయలకే అమ్ముచున్నారు. తీగలు కలిపిన చాలును. వీనిని మేము తక్కువచేయము. కాని రేడియో వినువారు ఒకటి గమనింపవలెను. ఆ తెరచి మూయు వేగము మీడియంవేవ్ స్టేషనుల ప్రాంతముననే ఉండుటచే, ప్రక్కన పెట్టిన సెట్టులో గరగర పుట్టించును. ఎఫ్.ఎం. వినువారికి అంత బాధ లేదు. మీడియంవేవ్‌లో వినువారికి పాత తరహా చిప్పే నయము.

పాత చిప్పులతో బాధ వేరు. టి.డి.ఎ. 2030 వంటి ప్రసిద్ధమైనవానికి నకిలీలు విరివిగ ఉన్నవి. పేరు చెరపి వేరొక పేరు ముద్రించినవి, తక్కువ వోల్టేజికే చచ్చునవి కలవు. కొన్న చిప్పును మొదట తక్కువ వోల్టేజిపై, సిరీస్ బల్బుతో, పనికిరాని స్పీకరుపై పరీక్షింపవలెను. ఇష్టమైన స్పీకరును చివరనే కలుపవలెను.

పాత రేడియోపెట్టె ఇంటనుండి దానిలో ఇట్టిది అమర్చదలచినవారికి మూడు మాటలు చెప్పి ముగింతుము. స్పీకరు వెనుక శాశ్వతమైన అయస్కాంతము ఉన్నదో లేదో చూడుడు. మిక్కిలి పాతవానిలో అయస్కాంతమునకు బదులు తీగచుట్ట ఉండును. దానికి వేరుగ కరెంటు ఇయ్యనిదే ఆ స్పీకరు పలుకదు. స్పీకరుపై బిగించిన ట్రాన్సుఫార్మరును విడదీసి, కొత్త తీగలను నేరుగ కోను చుట్టకు కలుపుడు. ఇక ఏ.సి., డి.సి. రెంటిపై పనిచేయునని వ్రాసిన సెట్లలో లోపలి ఇనుపచట్టము నేరుగ కరెంటు తీగకు కలిసియుండును. దానిని చేతితో తాకరాదు, దాని ఎర్తుకు కొత్త ఆంప్లిఫయరును కలుపరాదు. అట్టి సెట్టునుండి పాత సామగ్రిని మొత్తముగ తీసివేసి, పెట్టెను, స్పీకరును మాత్రము ఉంచుకొనుడు. కొత్తగ పెట్టు లోహభాగములను మూడుకాళ్ల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తుకు కలుపుడు.

మా పెట్టె ఇప్పుడును హాలులో ఉన్నది. మా తండ్రిగారు లేరు. చిన్న ఎఫ్.ఎం. సెట్టు ఒకటి దాని పైన ఉండి సంకేతము నిచ్చుచున్నది. 1991లో వేసిన కండెన్సరులు ఎండిపోగా ఒకమారు మార్చితిమి, చిప్పు అదే. ఉదయము స్విచ్చి వేసినప్పుడు 'ఠప్' మని పలికి, ఆ తరువాత భక్తిరంజని వచ్చును.